ఆవిడ రాలేదు, టోపీ పంపింది

న్యూయార్కు సెకండ్ ఎవెన్యూలో 79వ వీధి చుట్టుపక్కలకి వచ్చేసరికి ఒకప్పుడు దుకాణాల బోర్డుల మీద భాష మారిపోయేది. అక్షరాల నెత్తిన జంట గీతలు, చుక్కలు. మాంసం కొట్టు కిటికీలో ఎర్రటి సాసేజీలు దండలు కట్టి వేలాడేవి. ఇంకాస్త పైకి వెళితే పాప్రికాష్ వైస్ అనే సరుకుల కొట్టు. తలుపు తియ్యగానే మిరప్పొడి వాసన. గుంటూరు జిల్లావాణ్ణి, ఆ వాసనకి కాళ్ళు వాటంతటవే లోపలికి నడిచాయి. ఒక పొట్లం కట్టించుకొచ్చి ఆ రాత్రి పప్పులో రెండు చెంచాలు గుమ్మరించాను. రంగు వచ్చింది గాని కారం రాలేదు. మర్నాడు వెళ్ళి అడిగితే కొట్టాయన నవ్వి, ఇది ఘాటు రకం అంటూ ఇంకో డబ్బా చూపించాడు. మన లెక్కకి అందులోనూ పెద్దగా ఏం లేదు. గసగసాలు మాత్రం ఆ పేటలో దొరికినంత తాజాగా నాకు ఇంకెక్కడా దొరకలేదు. వాళ్ళు వాటిని మరపట్టించి పంచదార కలిపి రొట్టెల్లో చుడతారు. మేం మాంసం కూరలో నూరి వేసుకున్నాం.

1965లో అమెరికా వలస చట్టం మారాక మా బ్యాచ్ డాక్టర్లు చాలామంది వరసగా విమానాలెక్కారు. నేను 1970ల మొదట్లో రెసిడెన్సీకి వచ్చి, ఆసుపత్రికి నడిచి వెళ్ళొచ్చని, అద్దె తక్కువని యార్క్‌విల్ అనే ఆ పేటలో దిగాను. లిఫ్టు లేని అయిదంతస్తుల పాత ఇల్లు. నాది నాలుగో అంతస్తు. అయిదో అంతస్తులో ఒక హంగేరియన్ పెద్దావిడ ఒక్కతే ఉండేది. ఇంట్లో అందరూ ఆవిణ్ణి 'నేని' అనేవాళ్ళు, మనం పిన్నిగారు అన్నట్టు. నేనూ అలాగే పిలిచాను. ఆవిడ నన్ను ఎప్పుడూ 'డాక్టర్' అనే అంది. రక్తపోటు చూసి ఒక మాట చెబితే చాలు, సాయంత్రానికి మెట్ల మీద స్ట్రూడల్ పళ్ళెం ప్రత్యక్షం. కరాది కతలిన్ పేరు నాకు మొదట చెప్పింది ఆవిడే. (హంగేరీ వాళ్ళకీ మనలాగే ఇంటిపేరు ముందు.)

ఆ పేట అంతా ఒకటే జాతి అని బయటివాళ్ళు అనుకునేవాళ్ళు. లోపలికి వెళితే వేరు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు కూలికొచ్చినవాళ్ళ పిల్లలు ఒక గుంపు. 1945 తర్వాత వచ్చిన పాత ఆఫీసర్లు, జమీందార్లు ఒక గుంపు. 1956 తిరుగుబాటు విఫలమయ్యాక పారిపోయి వచ్చినవాళ్ళు మరొకటి. ముందొచ్చినవాడికి వెనకొచ్చినవాడు కమ్యూనిస్టు, వెనకొచ్చినవాడికి ముందొచ్చినవాడు ఫాసిస్టు. 82వ వీధిలో సెయింట్ స్టీఫెన్ చర్చిలో ఆదివారం ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళు, బయటికి వచ్చి తలోదిక్కు నడిచేవాళ్ళు. మన తెలుగు సంఘాల గొడవలు నాకు తర్వాత కొత్తగా అనిపించలేదు.

నేని 1956 మనిషి. ఆ ఏడాది చివర్లో, ఆ తర్వాత నెలల్లో రెండు లక్షల మంది దాకా దేశం వదిలారు. ఆస్ట్రియా సరిహద్దులో ఆందావు దగ్గర కాలవ మీద ఒక చిన్న చెక్క వంతెన ఉండేది. నవంబరు 21న సోవియట్ సైన్యం దాన్ని పేల్చేసింది. అంతకు ముందే రాత్రివేళ దాటినవాళ్ళలో ఆవిడ ఉంది. తర్వాత న్యూజెర్సీలో క్యాంప్ కిల్మర్ శరణార్థి శిబిరం, అక్కణ్ణించి ఈ పేట. బుడాపెస్టులో ఆవిడ నేర్చిన పని ఆడవాళ్ళ టోపీలు చెయ్యడం. ఇక్కడా అదే చేసుకుని బతికింది.

ఆవిడ దగ్గర ఒక పాత గ్రామఫోను రికార్డు ఉండేది. బురదలో నడిచి సరిహద్దు దాటిన మనిషి దాన్ని మోసుకొచ్చే అవకాశం లేదు. ఇక్కడే ఎవరో ముసలాయన పోతే వాళ్ళ సామాను వీధిలో పెట్టారట, అందులోంచి ఏరి తెచ్చుకుంది. ఒకరోజు డ్యూటీ దిగి మెట్లెక్కుతుంటే పైనించి పాట వినిపించింది. మగగొంతు అనుకున్నాను. మంద్రంలో, తొందర లేకుండా, పాడుతున్నట్టు కాక పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంది. ఎవరాయన అని అడిగితే నేని నన్ను పైనించి కిందికి చూసి, "ఆయన కాదు డాక్టర్, కరాది" అంది. ఆ పేరు తెలియనివాడికి తన రక్తపోటు చూపించుకున్నందుకు బాధపడ్డట్టు ఉంది ఆ మొహం.

కరాది 1910లో బుడాపెస్టు శివారు కోబాన్యలో పుట్టింది. ఇటుక బట్టీలూ బీరు కార్ఖానాలూ ఉండే కూలీల పేట. తండ్రి చెప్పులు కుట్టేవాడు, ఇంటినిండా పిల్లలు. అసలు పేరు కాన్‌త్స్‌లెర్ కతలిన్. కరాది అన్న పేరు పెట్టి, వేదికలకి పరిచయం చేసి, ఆవిణ్ణి నిలబెట్టినవాడు ఎద్యెద్ జోల్తాన్ అనే నాటక విలేకరి. 1939 డిసెంబరులో 'హలాలోష్ తవస్' విడుదలైంది. ప్రాణం తీసే వసంతం అని అర్థం. జిలహి లయోష్ నవలకి కల్మార్ లాస్లో దర్శకత్వం, పక్కన అప్పటికే పెద్ద హీరో అయిన యావోర్ పాల్. ఎదిత్ అనే పెద్దింటి అమ్మాయిని ప్రేమించిన కుర్రాడు చివరికి తుపాకీతో ప్రాణం తీసుకుంటాడు. కథ అంతే. ఊరు ఊగిపోయింది.

ఆ సినిమా నేను చాలా ఏళ్ళ తర్వాత చూశాను. నిజం చెప్పాలంటే కరాది గొప్ప నటి అనిపించలేదు. మొహంలో కదలిక తక్కువ. కానీ ఆవిడ తెరమీదికి వచ్చాక కళ్ళు ఇంకొకరి మీద నిలవవు. అప్పటిదాకా హంగేరియన్ సినిమాల్లో హీరోయిన్లంటే చిలిపి అమ్మాయిలు, గుండ్రటి బుగ్గలు, చివర్లో పెళ్ళి. వాళ్ళ మధ్యకి పెద్ద నోరు, బరువు కనురెప్పలు, మగాణ్ణి నిలబెట్టి చూసే ఒక ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి వచ్చి, అంత కింది శ్రుతిలో పాడింది. నేని అప్పటికి టోపీల దుకాణంలో పని నేర్చుకుంటున్న పిల్ల. "క్రిస్మస్ అయ్యాక షాపు తెరిస్తే అందరూ కరాదిలా కనిపించాలనే. నల్లజుట్టూ ఆవిడే, తెల్లజుట్టూ ఆవిడే, మూడు గడ్డాలున్న డాక్టరు పెళ్ళామూ ఆవిడే. మా యజమానురాలు సరేనమ్మా అనేది, అలవాటైన టోపీనే కాస్త పక్కకి వంచి పెట్టేది." అదే 1939లో మా అమ్మ, ఊళ్ళో ఆమె ఈడువాళ్ళు, 'మళ్ళీ పెళ్ళి'లో కాంచనమాల వేసుకున్న చేతుల్లేని జాకెట్టు గురించి గుసగుసలాడుకున్నారు. ఈ రెండు సంగతులూ ఒకదానికొకటి తెలియవు. నాకే, ఆ వంటింట్లో కూర్చుని వింటుంటే, పక్కపక్కన కనపడేవి.

ఆ తర్వాత అయిదేళ్ళు కరాదివే. ఇరవైకి దగ్గరగా సినిమాలు, లెక్కలేనన్ని పాటలు. గూఢచారిణి మచిత, దునా (డాన్యూబ్) నది తెచ్చి గట్టున పడేసిన అపరిచిత యువతి, కాలంలో వెనక్కి వెళ్ళే కథలో నాయిక. యుద్ధం రోజుల్లో హంగేరీ ఏడాదికి నలభైకి పైగా సినిమాలు తీసింది. కాఫీ హోటళ్ళలో బ్యాండు, వెదురు చట్రాలకి బిగించిన దినపత్రికలు, సినిమా వదిలాక రాత్రి రెండింటిదాకా కాఫీ, పాట. నేని ఇవి చెబుతుంటే గంట తెలిసేది కాదు.

ఆవిడ చెప్పనిది ఒకటుంది, నేను తర్వాత చదువుకున్నాను. 1938లో వచ్చిన మొదటి యూదు చట్టం నాటక, సినిమా రంగాల్లో యూదులు నూటికి ఇరవై మందికి మించకూడదంది. మరుసటేడు రెండో చట్టం దాన్ని ఆరుకి దింపింది. హంగేరియన్ సినిమాకి మాటలు, పాటలు, డబ్బు, నవ్వు సమకూర్చిన మనుషులు ఒక్కొక్కరే తప్పుకోవాల్సి వచ్చింది. ఆ వెలుగు అంతా ఖాళీ చేయించిన కుర్చీల మీద పడింది. పాత రోజులు ఎంత బాగుండేవో అని ఎవరన్నా మొదలుపెడితే ఈ లెక్క నాకు అడ్డం వస్తుంది. నేని దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. ఆవిడ పదహారేళ్ళ వయసుని చెడగొట్టడానికి నేనెవర్ని.

కరాదికి మాత్రం ఆ వెలుగు మత్తెక్కించినట్టు లేదు. ఆవిణ్ణి ఇష్టపడ్డవాడు ఉయ్‌సాసి ఇష్ట్వాన్, సైనిక గూఢచార శాఖ పెద్ద. జర్మనీకి చెప్పకుండా యుద్ధంలోంచి బయటపడే దారి వెతికినవాళ్ళలో ఒకడు. 1944 మార్చి 19న జర్మన్లు హంగేరీని ఆక్రమించారు. ఏప్రిల్లో గెస్టపో ఆవిణ్ణి పట్టుకెళ్ళింది, మిత్రరాజ్యాల గూఢచారి అని. నెలల తరబడి చిత్రహింసలు. బయటికి వచ్చేసరికి సినిమాల మీద నిషేధం, ఇల్లు దోపిడీ. అక్టోబరులో హంగేరియన్ నాజీల ఆరో క్రాస్ పార్టీ గద్దెనెక్కాక దునా ఒడ్డున యూదుల్ని వరసగా నిలబెట్టి నదిలోకి కాల్చేవారు. ఆ ఒడ్డు మీదికి వెళ్ళి, తన దగ్గర మిగిలిన బంగారం, నగలు ఇచ్చి పిల్లల్ని విడిపించి, తన ఇంట్లో దాచింది. ఎక్కడా చెప్పుకోలేదు. ఆవిడ పోయిన పద్నాలుగేళ్ళకి, 2004లో, ఇజ్రాయెల్‌లోని యాద్ వషెమ్ సంస్థ ఆవిడ పేరుని యూదుల్ని కాపాడిన ధర్మాత్ముల జాబితాలో చేర్చింది.

యుద్ధం అయ్యాక ఉయ్‌సాసి సోవియట్ చేతుల్లో పడి మాయమైపోయాడు. 1948లో సినిమా పరిశ్రమని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. కరాది చివరి సినిమా కూడా ఆ రోజులదే. కొత్త పాలకులకి ఆవిడ పాత కాలపు గుర్తు. ఆడదాని పెదవుల మధ్య సిగరెట్టు, తెల్లవార్లూ కాఫీ హోటలు, పనీపాటా లేని పెద్దింటివాళ్ళ ప్రేమలు, ఇవేవీ పంచవర్ష ప్రణాళికలో పట్టవు. నాజీలు కొట్టారని ఒక్క పాత్ర ఎక్కువ ఇవ్వలేదు. 1951 ఫిబ్రవరిలో దొంగతనంగా సరిహద్దు దాటింది. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, బ్రసెల్స్, 1953లో బ్రెజిల్. సావ్ పావ్లోలో స్నేహితురాలితో కలిసి దుకాణం పెట్టి టోపీలు చేసింది. 1968లో న్యూయార్కుకి మకాం మార్చి ఇక్కడా అదే పని.

"అంత పెద్ద స్టారు, టోపీలు కుట్టుకుని బతికింది పాపం" అని పేటలో జాలిపడని మనిషి లేడు. ఆ జాలి నాకు ఎప్పుడూ నచ్చలేదు. కారణం నేని వంటిల్లు. ఆవిడ పొయ్యి మీద కెటిల్ మరిగేది. ముద్దగా, ఆకారం లేకుండా ఉన్న ఫెల్టు గుడ్డని ఆవిరి మీద పట్టుకుని, చేతులు కాలుతున్నా వదలకుండా తిప్పి, మెత్తబడగానే తలకాయంత చెక్క అచ్చు మీద బోర్లించేది. రెండు బొటనవేళ్ళతో కిందికి లాగుతూ, మడతలు ఒక్కొక్కటే మింగేసేది. చుట్టూ తాడు బిగించి, పిన్నులు గుచ్చి, ఆరనిచ్చేది. మర్నాడు అంచులో సన్నటి తీగ, లోపల రిబ్బను పట్టీ. ఆ పట్టీ కుట్టేటప్పుడు కుట్టు బయటికి కనపడకూడదు, కనపడితే మొత్తం విప్పేసేది. నేను ఆసుపత్రిలో కుట్లు వేసి వచ్చినవాణ్ణి, ఆ వేళ్ళని చూసి ఊరుకున్నాను. అది బతకలేక చేసే పని కాదు. చెప్పులు కుట్టేవాడి కూతురు చేతిపని చేసుకుని ఎవరికీ చెయ్యి చాపకుండా దశాబ్దాల తరబడి బతికితే, అందులో పాపం అనాల్సిందేముంది?

పోల్చి చూడండి. ఆవిడ మొదటి హీరో యావోర్ పాల్‌ని ఆరో క్రాస్ వాళ్ళు జైల్లో పెట్టి జర్మనీకి తోలారు. యుద్ధం తర్వాత అమెరికా వచ్చి, హాలీవుడ్‌లో చిల్లర వేషాలు వేసి, కొంతకాలం రాత్రి కాపలా ఉద్యోగం చేసి, 1957లో వెనక్కి వెళ్ళిపోయాడు. రెండేళ్ళకే పోయాడు. గబోర్ అక్కచెల్లెళ్ళు ఉన్నారు, ఝా ఝా పేరు మన పత్రికల్లోనూ పెళ్ళిళ్ళ లెక్కతో సహా పడేది. వాళ్ళమ్మ మాడిసన్ ఎవెన్యూలో నగల షాపు నడిపింది. వాళ్ళు తమ యాసని కూడా అమ్ముకోగలిగారు. కరాది తన గొంతుని అమ్ముకుని బతకలేదు. ఇక్కడ రెండు కచేరీలు పెట్టుకుని కన్నీళ్ళు రాబట్టడం కష్టమేం కాదు, సెకండ్ ఎవెన్యూ మొత్తం టిక్కెట్లు కొనేది.

ఆవిడ వచ్చిన సమయమే చెడ్డది. 1968 నాటికి ఆడవాళ్ళు టోపీ పెట్టుకోవడం మానేస్తున్నారు. ఎత్తుగా దువ్విన జుట్టు మీద టోపీ నిలవదు. కార్లు పొట్టివయ్యాయి. కాథలిక్ చర్చిలో తల కప్పుకోవాలన్న పట్టింపు కూడా అప్పుడే సడలింది. ఊరంతా మానేసినా యార్క్‌విల్‌లో మాత్రం ఇంకా కొన్నాళ్ళు సాగింది. ఆదివారం పది గంటలకి 82వ వీధిలో నిలబడితే ముదురాకుపచ్చ, బూడిద, నేరేడు రంగు టోపీలు వరసగా మెట్లెక్కేవి. వాటిలో సగం నేని చేతివే. ఎవరిది ఎన్నో ఏడుదో, ఎవరు రిబ్బను మార్పించి కొత్తదని చెబుతున్నారో నాకు కిటికీలోంచి చెప్పేది.

"నువ్వూ ఆ పనే చేస్తావు, ఆవిడా ఈ ఊళ్ళోనే ఉంది. ఒక్కసారన్నా వెళ్ళి చూడలేదా నేనీ?" అన్నాను ఒకరోజు.

"ఎందుకు వెళ్ళాలి?"

"చూడ్డానికి."

"వెళితే నా టోపీ చూస్తుంది. నేను ఆవిడ టోపీ చూస్తాను. ఇద్దరం పనివాళ్ళమైపోతాం. నాకు ఒక్క కరాది మిగిలింది డాక్టర్, ఉండనీ."

నేను ఎదురు చెప్పలేదు. తర్వాత నేను న్యూజెర్సీ మారిపోయాను, పెళ్ళాం పిల్లలు, సొంత ప్రాక్టీసు. 1977లో న్యూయార్కులో మొదటి తెలుగు మహాసభలు జరిగినప్పుడు, వేదిక మీద పాత సినిమా పాట వస్తే ముందు వరసల్లో పెద్ద పెద్ద డాక్టర్లు కళ్ళు తుడుచుకోవడం చూశాను. మేం వదిలేసి వచ్చిన తెలుగుదేశం అప్పటికే అక్కడ లేదు. మేమే దాన్ని పాత సామాను గదిలో దాచినట్టు దాచుకున్నాం. సెకండ్ ఎవెన్యూవాళ్ళు మాకంటే ఇరవయ్యేళ్ళు ముందున్నారు, అంతే తేడా.

ఇంతలో హంగేరీలో గాలి కొంచెం మారింది. నిషేధాలు సడలి, దాచేసిన సినిమాలు బయటికొచ్చాయి. ఆవిడ పాత పాటలు మళ్ళీ రికార్డుగా వేశారు. కాఫీ హోటళ్ళు చూడని కుర్రాళ్ళు వాటిని పాడుకున్నారు. 1980లో డెబ్బయ్యో పుట్టినరోజుకి ఆవిణ్ణి బుడాపెస్టుకి రమ్మన్నారు. ఆవిడ వెళ్ళలేదు. తన బదులు ఒక టోపీ పంపించింది.

ఆ వార్త పేటలో ఎలా తిరిగిందో నేను ఫోన్లో విన్నాను. పొగరు అన్నారు కొందరు. భయం అన్నారు కొందరు, ఇప్పటి మొహం చూపించలేక. నేని మాత్రం పడీ పడీ నవ్వింది. రమ్మన్నది నటిని కదా, ఆ నటిని వాళ్ళే చంపేశారు. ఇప్పుడు ఉన్నది టోపీలు చేసే ఆవిడ, ఆవిడ పంపాల్సింది పంపింది. ఇదీ నేని మాట. ఇంతకంటే మంచి వ్యాఖ్య నేనెక్కడా చదవలేదు.

కరాది 1990 ఫిబ్రవరి 8న న్యూయార్కులోనే పోయింది. అప్పటికి మూడున్నర నెలలైంది హంగేరీ పాత పాలనని వదిలించుకుని గణతంత్రం అని ప్రకటించుకుని. ఈసారి రాను అనడానికి ఆవిడ లేదు. శవపేటికని బుడాపెస్టుకి తీసుకెళ్ళి, బాసిలికాలో ఉంచి, ఫర్కష్‌రేతి శ్మశానంలో ఖననం చేశారు. ఆవిణ్ణి తెరమీద చూసిన వయసువాళ్ళు, చూడని వయసువాళ్ళు తండోపతండాలుగా వచ్చారట.

ఆ రోజులకే పాప్రికా కొట్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. మిసెస్ హెర్బ్‌స్ట్ స్ట్రూడల్ బేకరీ అంతకు ముందే పోయింది. 2015లో సెయింట్ స్టీఫెన్ చర్చిని కూడా వేరే పారిష్‌లో కలిపేశారు. ఇప్పుడు అక్కడ చర్చికి దగ్గర్లో హంగేరియన్ హౌస్, ఇంకొన్ని గుర్తులు ఉన్నాయి. మిగతాదంతా అద్దాల అపార్ట్‌మెంట్లు.

నేని చచ్చినా వెనక్కి వెళ్ళనని ముప్ఫయ్యేళ్ళు ఒట్లు పెట్టుకున్న మనిషి. కరాది పోయిన ఏడాది వేసవిలో చర్చివాళ్ళతో కలిసి బుడాపెస్టుకి బయల్దేరింది. కొత్త టోపీ చేసుకుని మరీ వెళ్ళింది. నెల ఉంటానంది, రెండు వారాలకే వచ్చేసింది. ఎయిర్‌పోర్టు నుంచి నా కార్లోనే ఇంటికి దింపాను. రొట్టె బాగాలేదంది, కాఫీ నీళ్ళంది, చెల్లెలు కొడుకు తననే డాలర్లు అడిగాడంది. క్వీన్స్‌బరో వంతెన ఎక్కుతుంటే అసలు ఫిర్యాదు బయటికొచ్చింది. "ఊరంతా తిరిగాను డాక్టర్. ఒక్క ఆడమనిషి నెత్తిన టోపీ లేదు. నన్ను చూసి పిల్లలు నవ్వారు. కరాదిని అక్కడ పెట్టి వచ్చారు వీళ్ళు, ఆ బోడి తలల మధ్య."